తుక్కు రేటు పడిన రోజుల్లో ఖాతాదారు

సభకు నమస్కారం.

పాత ఇనుము, రాగి, ఇత్తడి, అల్యూమినియం వంటి తుక్కును ఇళ్ల నుంచి, వర్క్‌షాపుల నుంచి, కర్మాగారాల నుంచి ఎత్తి, దాన్ని టోకున కొనే యార్డుకు చేర్చే పనిలో ఉన్నవాళ్లమే ఇక్కడ ఎక్కువమంది కూర్చున్నాం. రేట్లు పడిపోయినప్పుడు ఖాతాదారు, అంటే మనకు తుక్కు ఇచ్చేవాడు, మన దగ్గరే ఎందుకు నిలుస్తాడు, ఎందుకు వెళ్లిపోతాడు అన్న ఒక్క ప్రశ్న మీదే నన్ను మాట్లాడమన్నారు. నా అభిప్రాయాన్ని దాచుకోకుండా ముందే చెబుతాను. రేటు బాగున్నంత కాలం ఖాతాదారు మనల్ని సరుకు కొనేవాళ్లుగానే చూస్తాడు. రేటు పడిన నాడు ఆయనకు మనం ఇచ్చే డబ్బు చిన్నదైపోతుంది. మనం ఖాళీ చేసే స్థలం మాత్రం ముందెంత ఉందో అప్పుడూ అంతే ఉంటుంది. అందువల్ల రేటు పడిన రోజుల్లో మనం చేసేది ప్రధానంగా స్థలం ఖాళీ చేసే పని. ఆ సంగతి గుర్తించి, చెప్పిన రోజుకు బండి పంపి, కళ్లెదుట తూకం వేసి, లెక్క విప్పి చెప్పేవాడి దగ్గర ఖాతాదారు నిలుస్తాడు. గుర్తించనివాడు, తనకు గిట్టడం లేదు కాబట్టి ఎదుటివాడికీ ఈ సరుకుతో పని లేదనుకుని బండి ఆపేస్తాడు.

ముందుగా, రేట్లు ఎలా పడతాయో కాస్త చూద్దాం. ఇది తెలియకపోతే ఖాతాదారుకు మనం చెప్పే మాటల్లో సత్తువ ఉండదు. రాగి, అల్యూమినియం వంటి లోహాల రేటు లండన్ మెటల్ ఎక్స్ఛేంజి వంటి చోట్ల రోజూ కదులుతుంది. ఇనుప తుక్కు దారి వేరు. దానికి అసలైన గిరాకీ విద్యుత్ కొలుముల్లో ఉక్కు తయారుచేసే కర్మాగారాల నుంచి వస్తుంది. ఆ కొలుములు పూర్తిగా తుక్కు మీదే నడవగలవు. ముడి ఇనుప ఖనిజం, కోక్ బొగ్గు చౌక అయ్యాయంటే ఖనిజం నుంచి తీసిన ఉక్కు కూడా చౌక అవుతుంది, దానితో పోటీపడవలసిన తుక్కు రేటు దిగిపోతుంది. ఇనుప తుక్కును ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా దిగుమతి చేసుకునే దేశం టర్కీ. అక్కడి కర్మాగారాలు ఒక వారం కొనడం ఆపితే, సముద్రం అవతల ఎక్కడో ఉన్న యార్డులో కూడా కాటా దగ్గర చెప్పే రేటు మారిపోతుంది. 2015లో జరిగింది సరిగ్గా ఇదే. ఆ ఏడాది చైనా నుంచి 11 కోట్ల టన్నులకు పైగా ఉక్కు బయటి దేశాలకు వెళ్లింది. అందులో చౌక బిల్లెట్లు, అంటే చువ్వలుగా సాగదీయడానికి పోసిన ఉక్కు దిమ్మలు కూడా ఉన్నాయి. తుక్కు కొని కరిగించడం కంటే ఆ బిల్లెట్లు కొని చువ్వలుగా సాగదీయడమే కొన్ని కర్మాగారాలకు లాభంగా కనిపించింది. ఆ ఏడాది చివర మన యార్డుల్లో గుట్టలు పేరుకుపోవడానికి మన తప్పుగానీ మన ఖాతాదారుల తప్పుగానీ ఏమీ లేదు.

పతనం ఎంతకాలం ఉంటుందన్నది మాత్రం ఎవరూ ముందుగా చెప్పలేరు. 2008 జూలైలో టన్ను రాగి 8,900 డాలర్ల దాకా వెళ్లి, అదే ఏడాది డిసెంబరులో 3,000 డాలర్ల దిగువకు వచ్చింది. అంత వేగంగా పడింది కూడా 2009 ముగిసేసరికి మళ్లీ 7,000 దాటింది. ఆ అనుభవాన్ని మనసులో పెట్టుకున్నవాళ్లు తర్వాతి పతనం కూడా ఏడాదిలో తీరిపోతుందనుకున్నారు. 2011 ఫిబ్రవరిలో 10,000 డాలర్లు దాటిన రాగి అక్కడి నుంచి నెమ్మదిగా, మధ్యమధ్య ఆశలు పెడుతూ, 2016 జనవరి నాటికి 4,500 కంటే కిందికి జారింది. ఇనుప ఖనిజం అదే కాలంలో టన్నుకు 190 డాలర్ల స్థాయి నుంచి 40 డాలర్ల లోపుకు వచ్చింది. ఒక పతనం నెలల్లో ముగిసింది, మరొకటి ఏళ్లకు ఏళ్లు సాగింది. కనుక "వచ్చే నెల పెరుగుతుంది, కాస్త ఓపిక పట్టండి" అని ఖాతాదారుకు ఎన్నడూ చెప్పకండి. ఆ మాట నిజం కాకపోతే పోయేది ఆయన నమ్మకం, అది మళ్లీ దొరకదు. రేటు ఎప్పుడు పెరుగుతుందో నాకు తెలియదు, ఈ రోజు యార్డు ఇస్తున్నది ఇంత, నేను ఇవ్వగలిగింది ఇంత అని చెప్పడమే మర్యాద.

ఇప్పుడు అసలు లెక్కకు వస్తాను. మనకూ ఖాతాదారుకూ మధ్య తగాదా ఎక్కువగా ఇక్కడే పుడుతుంది. ఒక బరువు ఇనుముకు యార్డు మనకు 100 ఇస్తోందనుకోండి. బండి, డీజిల్, డ్రైవరు, ఎత్తే మనిషి, టైర్ల అరుగుదల అన్నీ కలిసి దానికి 25 అవుతుంది. మన లాభం 10 తీసుకుంటే ఖాతాదారుకు 65 ముడుతుంది. ఇప్పుడు యార్డు రేటు సగానికి, అంటే 50కి పడింది. డీజిల్ సగానికి తగ్గలేదు, డ్రైవరు జీతం తగ్గలేదు. ఖర్చు ఆ 25 అలాగే ఉంది. మన లాభాన్ని సగం చేసుకుని 5 తీసుకున్నా ఖాతాదారుకు మిగిలేది 20. మార్కెట్ సగం పడితే ఆయన చేతికి వచ్చేది మూడింట రెండు వంతులకు పైగా పడిపోయింది. ఆయన పత్రికలోనో ఫోన్లోనో ఉక్కు రేటు సగానికి పడిందని చదివి ఉంటాడు, మనం చెప్పే రేటు విని, మిగిలిన సొమ్ము మన జేబులోకి పోయిందనుకుంటాడు. అలా అనుకోవడంలో ఆయన తప్పేమీ లేదు. ఆయన దగ్గర ఉన్న సమాచారానికి అదే సహజమైన ముగింపు.

ఈ లెక్కను ఖాతాదారు ముందు విప్పి చూపడానికి మనలో చాలామంది జంకుతారు. మన లాభం ఎంతో ఆయనకు తెలిసిపోతుందన్న భయం. నా మాట నమ్మండి, తెలిసిపోవడం వల్ల జరిగే నష్టం కంటే తెలియకపోవడం వల్ల జరిగే నష్టమే పెద్దది. యార్డు ఇచ్చిన తాజా బిల్లు డ్రైవరు దగ్గర ఉంచండి. ఖాతాదారు అడిగితే చూపమనండి, అడగకపోయినా రేటు బాగా పడిన వారంలో మనమే చూపాలి. లాభం దాచుకోవాలని అబద్ధపు ఖర్చు చెప్పే మనిషిని ఖాతాదారు ఎప్పటికైనా పట్టేస్తాడు, ఎందుకంటే ఆయన బంధువో పక్క దుకాణం వాడో ఒక రోజు సొంతంగా బండి కట్టుకుని యార్డుకు వెళ్లి రానే వస్తాడు.

రేటు ఇంకా పడి యార్డు 30 ఇస్తే, 25 ఖర్చు పోగా చేతిలో మిగిలేది 5. అదంతా ఆయనకే ఇచ్చినా చెప్పుకోదగ్గ మొత్తం కాదు. ఇంకా దిగితే ఎత్తుకెళ్లినందుకు ఖాతాదారే మనకు ఇవ్వవలసిన పరిస్థితి వస్తుంది. ఈ గీత దగ్గర చాలామంది చేసేది ఫోన్ ఎత్తడం మానేయడం. బండి మరమ్మతులో ఉందనో, మనుషులు లేరనో సాకులు చెప్పి వారాలు గడిపేస్తారు. మనకు గిట్టదన్న మాటను ముఖం మీద చెప్పలేని మొహమాటం దీనికి కారణం. కానీ అక్కడ ఆ వర్క్‌షాపు మూలలో పాత సైలెన్సర్లు, బ్రేకు డ్రమ్ములు, విరిగిన స్ప్రింగులు పేరుకుపోయి, కొత్త బండి లోపలికి రావడానికి దారి లేక, మెకానిక్ రోజూ వాటిని అటూ ఇటూ జరుపుకుంటూ ఉంటాడు. ఆయనకు ఆ ఇనుము మీద వచ్చే డబ్బు ఎప్పుడూ చిల్లరే. ఆ మూల ఖాళీగా ఉండటం మీద ఆయన రోజువారీ సంపాదన ఆధారపడి ఉంది. అలాంటి సమయంలో ఫోన్ ఎత్తని మనిషిని ఆయన రేటు పెరిగాక మరిచిపోతాడని అనుకోవద్దు.

మరి గిట్టని పని ఎలా చేయాలి? ఊరికే నష్టానికి చేయమని నేను చెప్పడం లేదు. నష్టానికి తిరిగే బండి ఆరు నెలల్లో ఆగిపోతుంది, అప్పుడు ఖాతాదారుకూ మేలు లేదు. ఇక్కడ మనం ఆయన నుంచి డబ్బుకు బదులు వెసులుబాటు అడగాలి. ఫోన్ చేసిన మర్నాడే రమ్మనకుండా, మేము ఆ దారిలో వచ్చే రోజు వరకు ఆగగలరా? పీపా నిండే దాకా ఉంచగలరా? పొడవాటి కడ్డీలు విడిగా, రేకులు విడిగా పెట్టగలరా? బండి సరిగ్గా ఆనుకునేలా సరుకు గేటు దగ్గరికి చేర్చగలరా? ఈ నాలుగింటిలో రెండు ఒప్పుకున్నా మన ఖర్చు 25 నుంచి 15కో ఇంకా కిందికో దిగుతుంది, ఒక్క దారిలో పదిమంది సరుకు ఎత్తినప్పుడు డీజిల్ పదిమందికీ పంచుకున్నట్టే కదా. ఆ మిగులును మనం మింగకుండా రేటులో చూపాలి. "మీరు గేటు దగ్గర పెట్టించారు, అందుకని ఇంత ఎక్కువ ఇస్తున్నాం" అని చెప్పి మరీ ఇవ్వాలి. తను చేసిన సాయానికి విలువ కట్టారని తెలిసినవాడు మరుసటి సారి అడగకుండానే సరుకు వేరుచేసి ఉంచుతాడు.

తేలిక ఇనుము గురించి కొంచెం విడిగా చెప్పాలి. వాషింగ్ మెషీన్లు, రేకు బీరువాలు, సైకిళ్ల వంటివి ఎక్కించినప్పుడు బండి చోటుతో నిండిపోతుందిగానీ బరువుతో నిండదు. అదే బండిలో బీడు, అంటే పోత ఇనుము ముక్కలు వేస్తే పావు వంతు ఎత్తుకే మోయగలిగినంత బరువు వచ్చేస్తుంది. కనుక తేలిక ఇనుముకు కిలోకు పడే రవాణా ఖర్చు చాలా ఎక్కువ, రేటు పడినప్పుడు ముందుగా గిట్టుబాటు పోయేది దానికే. పైగా చాలా వాషింగ్ మెషీన్లలో అదురు ఆపడానికి కాంక్రీటు దిమ్మ బిగించి ఉంటుంది. యార్డు దాన్ని తరుగు కింద కోస్తుంది. దాన్ని ఖాతాదారు ఇంటి ముందే విప్పి, తీసి చూపించి, తర్వాత తూకం వేస్తే ఇంకెవ్వరూ తరుగు గురించి తగవు పెట్టరు. ఫ్రిజ్, ఏసీల విషయంలో ఒక్క మాట. వాటిలోని గ్యాసును పద్ధతిగా తీసే ఏర్పాటు ఉన్నచోటికే పంపాలి, రాగి గొట్టం మీద ఆశతో రోడ్డు మీద కోయడం తప్పు. రేట్లు పడిన రోజుల్లో ఆ ఆశ ఇంకా పెరుగుతుంది, అందుకని గుర్తుచేస్తున్నాను.

తూకం దగ్గరికి వస్తున్నాను. ఈ రోజు నేను చెప్పేవాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. రేటు పడిన రోజుల్లో మన వృత్తిలో ఒక పాడు అలవాటు పెరుగుతుంది. కొందరు పక్కవాడికంటే ఎక్కువ రేటు చెబుతారు, ఆ తేడాను కాటాలో లాక్కుంటారు. కిలోకు కాస్త ఎక్కువ వస్తోందని సంతోషపడిన ఖాతాదారు నూరు కిలోల సరుకుకు ఎనభై కిలోల డబ్బు తీసుకుని ఇంటికి వెళతాడు. నిజాయితీగా తూచేవాడి రేటు కాగితం మీద తక్కువగా కనిపిస్తుంది, అతని ఖాతాదారులు ఒక్కొక్కరే జారుకుంటారు. దీనికి విరుగుడు మనం కూడా రేటు పెంచి చెప్పడంలో లేదు. తూకాన్ని ఖాతాదారు కళ్లకు అర్థమయ్యేలా చేయడంలో ఉంది.

ఒక లేత్ వర్క్‌షాపునే తీసుకుందాం. అక్కడ మనకు దొరికేది యంత్రం మీద నుంచి రాలిన ఇనుప చుట్టలు, రజను. అవి చల్లార్చే నూనెలో తడిసి ఉంటాయి. మామూలుగా జరిగేదేమిటంటే, ఎత్తే మనిషి పీపాలోకి తొంగిచూసి "నూనె చాలా ఉంది, పదో వంతు కోస్తాం" అంటాడు. ఆ పదో వంతు ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరూ కొలవలేదు, అతని నోటి నుంచి వచ్చింది. దీనికి బదులు అడుగున చిల్లులు పెట్టిన పీపాను మనమే ఇచ్చి, కింద ఒక పళ్లెం పెట్టించి, మేము వచ్చే ముందు రోజు సాయంత్రం దాన్ని అలా వదిలేయమని చెప్పాలి. రాత్రికి నూనె చాలావరకు కారిపోతుంది, వర్క్‌షాపు యజమాని ఆ నూనెను వడకట్టి మళ్లీ వాడుకుంటాడు. తెల్లవారి మనం కాటా దింపి, ఏమీ లేనప్పుడు సున్నా చూపుతోందని ఆయనకు చూపాలి. వెంట తెచ్చిన ఇరవై కిలోల తూకపు రాయిని పెట్టి ఇరవై చూపుతోందని చూపాలి. తర్వాత నిండు పీపా, ఆ తర్వాత ఖాళీ పీపా తూచి, రెండు అంకెలూ తీసివేతా చీటీ మీద ఆయన ఎదుటే రాయాలి. రాయి పెట్టి చూపడానికి ఒక నిమిషం కూడా పట్టదు. ఆ రాయిని ఒకసారి చూసిన యజమాని మరుసటి వారం ఎక్కువ రేటు చెబుతూ వచ్చిన మరొకణ్ణి "మీ కాటా మీద కూడా తూకపు రాయి పెట్టి చూపండి" అని అడుగుతాడు. మన తరఫున వాదించే పని ఆయనే చేసిపెడతాడు.

ఇక్కడే వేరుచేయడం గురించి కూడా. కలగలుపు సరుకుకు రేటు పడినప్పుడు అందరికంటే ముందు కొనుగోలుదారు కరువవుతాడు. పాత మోటార్లు, తీగల వంటి కలగలుపు తుక్కు దిగుమతిని చైనా 2018 చివరితో ఆపేసినప్పుడు, అంతకు ముందు వరకు చూడకుండా కొనుక్కున్న సరుకుకు ఒక్కసారిగా గిరాకీ తగ్గింది. విప్పి, రాగి రాగిగా, ఇనుము ఇనుముగా ఇచ్చినవాళ్లకు మార్గం తెరిచే ఉంది. రాగిలో కూడా, పూతలేని మెరిసే తీగకూ, కాలిన లేదా అతుకుల తగరం అంటిన తీగకూ యార్డు దగ్గర వేర్వేరు తరగతులుంటాయి. ఈ తేడా ఖాతాదారుకు నేర్పితే మన లాభం తగ్గుతుందని కొందరి భయం. రేటు ఎక్కువగా ఉన్నప్పుడు అది కొంత నిజం కావచ్చు. రేటు పడినప్పుడు మాత్రం ఆయనకు ఇవ్వడానికి మన దగ్గర ఇంకేముంది? ఒక అయస్కాంతం చేతిలో పెట్టి, ఇది అతుక్కున్నదంతా ఒక కుప్ప, అతుక్కోనిది మరో కుప్ప అని చెప్పడంతో మొదలుపెడితే చాలు. కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీల్ అయస్కాంతానికి అతుక్కుంటుంది, కొన్ని అతుక్కోవు, అది తర్వాత చెప్పుకోవచ్చు. ఆయన వేరుచేసిన రాగికి కలగలుపు రేటు కంటే ఎక్కువ ముట్టిన రోజున, ఇనుము రేటు పడిందన్న బాధ కొంత తగ్గుతుంది.

రేటు పడినప్పుడు ఖాతాదారులు అడిగే ప్రశ్న మరొకటి ఉంది. "ఇప్పుడు ఇవ్వాలా, ఉంచుకోవాలా?" దీనికి మన స్వార్థం చూసుకోకుండా జవాబు చెప్పాలి. చోటు తక్కువ పట్టి, పొడిగా, తాళం వేసి పెట్టుకోగలిగిన రాగీ ఇత్తడీ అయితే ఉంచుకోమనడంలో తప్పు లేదు, డబ్బు అవసరం లేనివాడికి అదే మంచిది కూడా కావచ్చు. ఇనుముకు ఆ సలహా పనికిరాదు. అది చోటు తింటుంది, వానకు తుప్పు పడుతుంది, దాని మధ్య పాములూ ఎలుకలూ చేరతాయి, ఆరు నెలల తర్వాత పెరిగిన రేటు ఆ ఇబ్బందికి సరిపోతుందన్న హామీ లేదు. నూనెతో తడిసిన రజను పెద్ద గుట్టగా పేరిస్తే తనంతట తానే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. లిథియం బ్యాటరీ కలిసిపోయిన గుట్ట అంతకంటే ప్రమాదకరం. ఈ సంగతులు వివరంగా చెప్పి, నిర్ణయం ఆయనకు వదిలేయండి. మా దగ్గరికి రాగి రావలసిన నెలలో రాగి దాచుకోండని చెబితే మాకేమిటి లాభమని మీరు అడగవచ్చు. ఆ రాగి అమ్మాలనుకున్న నాడు ఆయన పిలిచేది మనల్నే.

పెద్ద కర్మాగారాల విషయం వేరు. అక్కడ యజమాని కంటే కొనుగోళ్ల అధికారి, లెక్కల అధికారి ముఖ్యం, వాళ్లకు మన మంచితనం కంటే కాగితం ముఖ్యం. ఏడాదికి ఒకే రేటు అని ఒప్పందం రాసుకున్నవాళ్లు పతనం వచ్చినప్పుడు రెండే పనులు చేయగలరు, నష్టం భరించడం లేదా మాట తప్పడం. 2008 చివర అంతర్జాతీయ వ్యాపారంలో చాలామంది కొనుగోలుదారులు రెండోదే చేశారు. సరుకు ఓడల్లో ఉండగానే రేటు తిరగరాయమన్నారు, కొందరు సరుకే వద్దన్నారు. ఆ మచ్చ ఏళ్ల తరబడి పోలేదు. కనుక రేటు బాగున్న రోజుల్లోనే ఒప్పందాన్ని సూత్రంగా రాసుకోవాలి. ఇద్దరూ చూడగలిగే ఒక ప్రచురిత రేటును ఆధారంగా పెట్టుకుని, అందులో నుంచి రవాణాకూ మన పనికీ స్థిరమైన మొత్తం తీసివేయడం. ఆ తీసివేత కంటే రేటు దిగజారితే ఎత్తుకెళ్లే ఖర్చు ఎవరిదన్న వాక్యం కూడా అందులోనే ఉండాలి. రాని కష్టం గురించి ముందే రాయడమెందుకని ఆ రోజున ఇద్దరికీ అనిపిస్తుంది. ఆ వాక్యం లేని ఒప్పందంలో కష్టం వచ్చిన రోజున మొదటి ఫోన్ తగాదాతోనే మొదలవుతుంది.

ఇప్పుడు మనందరం చేసే, ఎవరూ ఒప్పుకోని ఒక పని గురించి చెప్పాలి. యార్డు రేటు తగ్గించిన సాయంత్రమే మనం ఖాతాదారు రేటు తగ్గిస్తాం. యార్డు పెంచినప్పుడు మాత్రం వారం, పది రోజులు, ఒక్కోసారి నెల ఆగి, ఎవరో ఒకరు అడిగాక పెంచుతాం. ఆ మధ్యలో మిగిలిన డబ్బు పతనంలో పోగొట్టుకున్నదానికి పరిహారమని మనసుకు సర్దిచెప్పుకుంటాం. ఖాతాదారు ఈ తేడాను చాలా సూక్ష్మంగా పసిగడతాడు. పడినప్పుడు మనతో ఓర్చుకుని ఉన్నవాడికి, పెరిగినప్పుడు మనం దాచామని తెలిస్తే కలిగే కోపం, అసలు పరిచయం లేనివాడి కోపం కంటే చాలా ఎక్కువ. అంతకాలం చెడిపోకుండా కాపాడుకున్నదాన్ని మనం పెరుగుదల మొదటి నెలలో పోగొట్టుకుంటాం. నేను గట్టిగా చెప్పేదేమిటంటే, రేటు పెరిగిన రోజున మనమే ముందుగా ఫోన్ చేయాలి. పతనంలో మనతో ఉన్నవాళ్లకు అందరికంటే ముందు చేయాలి. పాత రేటుకు నిన్ననే ఎత్తిన సరుకు ఇంకా మన బండిలోనే ఉండి కొత్త రేటుకు అమ్ముడైతే, ఆ తేడాలో ఎంతో కొంత ఆయనకు ముట్టజెప్పాలి. చట్టం అడగదు, ఆయనా అడగడు. అందుకే దానికి అంత బలం.

డ్రైవరు గురించి తొందరగా ఒక మాట. ఖాతాదారుకు తెలిసిన మనిషి ఆయనే, మనం కాదు. రేటు పడగానే అనుభవం ఉన్న డ్రైవరును తీసేసి చవకగా దొరికినవాణ్ణి పెడితే, ఏ గేటు ఎటు తెరుచుకుంటుందో, ఏ వర్క్‌షాపులో మధ్యాహ్నం ఎవరూ ఉండరో తెలిసిన జ్ఞానమంతా అతనితో పోతుంది. ఆ జ్ఞానమే మన ఖర్చు తగ్గించేది. డ్రైవరు జీతాన్ని ఎత్తిన బరువుకు ముడిపెట్టడం కూడా ఈ రోజుల్లో ప్రమాదం. తక్కువ సరుకున్న ఖాతాదారు ఇంటికి వెళ్లడం మానేసి, లేడని రాసుకొస్తాడు.

నమ్మకం మనకూ యార్డుకూ మధ్య కూడా ఉండాలి. గిరాకీ లేని రోజుల్లో యార్డులో గుట్ట పేరుకుపోతే వాళ్లు గేటు దగ్గరే బండ్లు ఆపేస్తారు. అప్పుడు ఎవరిని లోపలికి రానిస్తారు? ఇన్నాళ్లూ శుభ్రమైన సరుకు, మట్టీ రాళ్లూ కలపకుండా, మంచి రోజుల్లో పైసా ఎక్కువ ఇచ్చిన ప్రతి యార్డుకూ పరుగెత్తకుండా తెచ్చినవాణ్ణి. మన ఖాతాదారు నుంచి మనం ఏం కోరుకుంటున్నామో అదే మనం యార్డు పట్ల చేయకపోతే, ఖాతాదారు గుట్టను ఎత్తి మన బండిలోనే రోజుల తరబడి పెట్టుకుని తిరగవలసి వస్తుంది.

చివరగా, వెళ్లిపోయి తిరిగి వచ్చేవాళ్ల విషయం. పతనం మధ్యలో కిలోకు కాస్త ఎక్కువ ఇస్తానన్న కొత్తవాడి దగ్గరికి కొందరు వెళతారు. ఆ కొత్తవాళ్లలో సగం మంది రేటు మరికొంత పడగానే వృత్తి వదిలేస్తారు, మిగిలినవారిలో కొందరి కాటా సంగతి బయటపడుతుంది. వెళ్లినవాడు ఫోన్ చేసినప్పుడు ఎత్తిపొడుపు మాట ఒక్కటి కూడా రాకూడదు. రేటు తగ్గించి ఇవ్వకూడదు. అందరికీ ఉన్న రేటే ఆయనకూ, అదే కాటా, అదే చీటీ, అదే రాయి. ఆయనా కుటుంబం నడుపుకునే మనిషే, నాలుగు రాళ్లు ఎక్కువొస్తాయని వెళ్లాడు. ఒక్క తేడా మాత్రం ఉంచండి. బండి వంతు దగ్గర, పతనమంతా మనతో ఉన్నవాళ్ల సరుకు ముందు ఎత్తండి, ఆయన సరుకు ఆ దారిలో తర్వాతి వారం ఎత్తండి. ఎందుకని అడిగితే కారణం దాచకుండా చెప్పండి.